ఉత్తరాలు చదివేదెవరు? - లినక్స్ చరిత్రలో శ్రమవిభజన

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన విద్యార్థి మిత్రులు ఉత్సాహంతో చెప్పే మాట ఒకటుంది. అక్కడ యజమాని లేడు, వాకిట్లో కాపలావాడు లేడు, ఎవరైనా రావచ్చు, ఎవరైనా మాట్లాడవచ్చు, కనక అక్కడ ప్రజాస్వామ్యం సిద్ధించింది అని. ఈ మాటలో సగం నిజముంది. ఆ సగాన్ని నేను కాదనటం లేదు. కాని సభలో ఎవరైనా మాట్లాడవచ్చునని తీర్మానించినంత మాత్రాన వినే పని దానంతటది జరిగిపోదు. మాట్లాడే హక్కును అందరికీ సమానంగా పంచవచ్చు. వినే భారం ఎవరో కొందరి మీద పడుతుంది. ఆ కొందరెవరు, అది వాళ్ల మీద ఎట్లా పడింది, దాన్ని దింపుకోవటానికి వాళ్లు ఏమేం చేశారు అన్నది చారిత్రకంగా పరిశీలించవలసిన విషయం.

మన వృత్తిలో ఉన్నవాళ్లకు దీన్ని బోధపరచటానికి పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. వందమంది విద్యార్థులు మూడు గంటల్లో వ్రాసిన జవాబులు దిద్దటానికి ఒక అధ్యాపకుడికి ఎన్ని రాత్రులు పడుతుందో మనకు తెలుసు. (ఆ దిద్దుబాటుకు ఇచ్చే భత్యం సంగతి ఎత్తకపోవటమే మర్యాద.) పత్రికలు నడిపినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. అచ్చయిన కథ వ్రాసినవాడి పేరు సంచికలో ఉంటుంది. అచ్చుకు నోచుకోని కథలన్నీ చదివినవాడి పేరు ఎక్కడా ఉండదు.

నేను తీసుకున్న ఉదాహరణ లినక్స్ కెర్నెల్. కంప్యూటరు యంత్రానికీ దాని మీద నడిచే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి, యంత్రం యొక్క కాలాన్నీ జ్ఞాపకశక్తినీ అందరికీ పంచిపెట్టే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది ఈ కెర్నెలే. ప్రపంచంలోని అతి శక్తివంతమైన ఐదువందల కంప్యూటర్లూ 2017 నుంచి దీని మీదే నడుస్తున్నాయి. దీన్ని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న మొదటిసారి లోకానికి ప్రకటించాడు. అప్పటికది పదివేల పంక్తుల చిన్న ప్రోగ్రాము. 1992లో అతను దాన్ని జి.పి.ఎల్. అనే అనుమతి పత్రం కిందికి తెచ్చాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచితే ఆ స్వేచ్ఛను కూడా పంచాలి అన్నది దాని సారాంశం. 1994 మార్చిలో వెలువడిన మొదటి పూర్తి ప్రతిలో సుమారు 1,76,000 పంక్తులున్నాయి.

ఇంతమంది, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు, కలిసి పనిచేసింది ఉత్తరాల ద్వారా. మెయిలింగ్ లిస్టు అన్నది పేరుకు తగినట్టు చాలా సాదా ఏర్పాటు. ఒక చిరునామాకు ఉత్తరం పంపితే అది చందాదారులందరికీ చేరుతుంది. చందాకు డబ్బు అక్కర్లేదు. కెర్నెల్ లిస్టు మొదట్లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో వీజర్ అనే పేరుగల యంత్రం మీద నడిచింది. ప్రోగ్రాములో చేయదలచిన మార్పును, అంటే ఏ పంక్తి తీసెయ్యాలి, ఏ పంక్తి చేర్చాలి అన్నదాన్ని, ఉత్తరంలోనే వ్రాసి పంపుతారు. దాన్ని పాచ్ అంటారు. నేను సవరణ అంటాను. మిగతావాళ్లు చదువుతారు, తప్పులు పడతారు, అతను తిరగవ్రాస్తాడు. ఇదంతా బహిరంగంగా జరుగుతుంది. ఉత్తరాలు అందరికీ చేరతాయి, నిలిచి ఉంటాయి. ఈ పద్ధతిలోని ఔన్నత్యం తక్కువది కాదు. పెట్టుబడిదారీ సంస్థల్లో నిర్ణయాలు తలుపులు మూసి జరుగుతుంటే, ఇక్కడ ఒక సవరణను ఎందుకు తిరస్కరించారో పదేళ్ల తర్వాత కూడా ఒక విద్యార్థి చదివి తెలుసుకోవచ్చు.

అయితే ఈ పద్ధతిలోనే దాని వైరుధ్యం కూడా ఉంది. వ్రాసేవాడు ఒకసారి వ్రాస్తాడు, చదివేవాళ్లు వేయిమంది. రెండు నిమిషాల్లో చదవగల ఉత్తరాన్ని వేయిమంది చదివితే ముప్ఫయిమూడు గంటల మానవశ్రమ ఖర్చవుతుంది. అది వ్రాసినవాడి లెక్కలోకి రాదు. ఫ్రెడరిక్ బ్రూక్స్ అనే ఇంజనీరు 1975లోనే ఈ చిక్కును మరోవైపు నుంచి చూపించాడు. పదిమంది కలిసి పనిచేస్తే వాళ్ల మధ్య నలభైఐదు జంటల సంబంధాలుంటాయి, వందమందైతే 4,950. మనుషులు పదింతలు పెరిగితే మాట్లాడుకోవలసిన అవసరం నూరింతలు పెరుగుతుంది. బ్రూక్స్ ఇది ఒక పెద్ద కంపెనీలో పొందిన అనుభవంతో చెప్పాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వచ్చాక, 1997 నుంచి, ఎరిక్ రేమండ్ వంటివారు ఈ సూత్రం ఇక్కడ వర్తించదనీ, కళ్లు ఎక్కువైనకొద్దీ తప్పులు సులువుగా దొరుకుతాయనీ ప్రచారం చేశారు. తప్పులు దొరకటం నిజమే కావచ్చు. కాని ఆ దొరికిన తప్పుల గురించి వచ్చే ఉత్తరాలు చదివే కళ్లు ఎవరివని రేమండ్ గట్టిగా అడగలేదు.

ఆ ప్రశ్నను చరిత్రే 1998లో అడిగింది.

అప్పటికి సవరణలన్నీ చివరికి టోర్వాల్డ్స్ ఒక్కడి దగ్గరికే చేరాలి. అతను చదివి, నచ్చితే తన ప్రతిలో కలుపుకుంటాడు. నచ్చకపోయినా, తీరిక లేకపోయినా, ఫలితం ఒకటే: జవాబుండదు. జవాబు రానివాడికి తన సవరణను తిరస్కరించారో అసలు చదవనే లేదో తెలియదు. అంచేత మళ్లీ పంపుతాడు. అందరూ మళ్లీ పంపితే కుప్ప రెండింతలవుతుంది, చదవనివి ఇంకా పెరుగుతాయి, మూడోసారి పంపవలసి వస్తుంది. భారమే భారాన్ని కనే స్థితి ఇది. దీనికి తోడు వీజర్ యంత్రం మీద డేవిడ్ మిల్లర్ మరొక ప్రతిని నిర్వహించేవాడు. అందులో చేరిన మార్పులు టోర్వాల్డ్స్ ప్రతిలో కూడా చేరాయని కొందరు అనుకున్నారు, చేరలేదు. సెప్టెంబరు నెలాఖరులో లిస్టులో పెద్ద తగవు రేగింది. అప్పటికి టోర్వాల్డ్స్‌కు పగలు ఒక కంపెనీలో ఉద్యోగం, ఇంట్లో పసిపిల్లలు. నా మీద ఫిర్యాదు చేసేముందు నాకు రోజూ వచ్చేదాన్ని ఊహించుకోండని చీదరించుకుని, సెలవు తీసుకుంటున్నానని ప్రకటించాడు. యంత్రాలను పెంచుకోవచ్చుగాని లినస్‌ను పెంచలేమన్న అర్థం గల మాట ఒకటి ఆ రోజుల్లో లిస్టులో బాగా నలిగింది.

ఈ ఘట్టాన్ని చాలామంది ఒక వ్యక్తి అలసటగా వర్ణిస్తారు. నా ఉద్దేశంలో అది పొరపాటు. ఉత్పత్తి సామూహికమైపోయింది, చదవటం మాత్రం చేతివృత్తి దశలోనే, ఒకే ఒక్క పనివాడి దగ్గర ఉండిపోయింది. అక్కడ ఇంకొక మనిషి ఉన్నా ఇదే జరిగేది.

భారాన్ని దింపుకోవటానికి వచ్చిన మొదటి ఉపాయం పత్రికాస్వరూపమైనది. 1998లో ప్రారంభమైన లినక్స్ వారపత్రిక ఎల్.డబ్ల్యు.ఎన్. వారం వారం కెర్నెల్ చర్చలను వివరించసాగింది. 1999లో జాక్ బ్రౌన్ కెర్నెల్ ట్రాఫిక్ అనే సంగ్రహాన్ని ప్రారంభించి, లిస్టులో వారమంతా జరిగిన వాదాలను కుదించి వ్రాశాడు. ఒకడు చదివి వేలమందికి చెప్పటం, అంటే మన పాత పురాణ కాలక్షేపం లాంటిదే. దానివల్ల బయటివాళ్లకు ఎంతో మేలు జరిగింది. కాని ఒక మనిషి ఆ ఉత్తరాల వెల్లువ ముందు ఎన్నేళ్లు కూర్చోగలడు? కెర్నెల్ ట్రాఫిక్ 2005లో ఆగిపోయింది. సంగ్రహకర్త చేసింది కూడా చదివే శ్రమే. సవరణల్ని ఆమోదించే శ్రమను అది తగ్గించలేదు కూడా.

2002 జనవరిలో రాబ్ లాండ్లీ మరొక ప్రతిపాదన తెచ్చాడు. జవాబు రాని చిన్న చిన్న సవరణలన్నీ పోగుచేసి, శుభ్రం చేసి టోర్వాల్డ్స్‌కు అందించే గుమాస్తా ఒకడుండాలని. లినక్స్ చిహ్నం పెంగ్విన్ పక్షి కనక ఆ గుమాస్తాకు పాచ్ పెంగ్విన్ అని పేరు పెట్టాడు. టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. తాను నేరుగా కలిసి పనిచెయ్యగలిగేది కొద్దిమందితోనే. వాళ్లు ఒక్కొక్కరూ మరికొద్దిమందిని నమ్ముతారు. ఆ విభాగాల నిర్వాహకులకు పంపండి, నాకు కాదు అన్నాడు. ఇందులో అధికార దర్పం చూసినవాళ్లున్నారు. కాని పాచ్ పెంగ్విన్ వస్తే ఏమయ్యేది? అలసిపోయే మనిషి మారేవాడు, అంతే.

టోర్వాల్డ్స్ చెప్పిన వృక్షం కాగితం మీద బాగానే ఉంది, కాని దానికి తగిన పనిముట్టు లేదు. విభాగ నిర్వాహకుడు వంద సవరణల్ని చదివి ఆమోదించినా వాటిని మళ్లీ ఒక్కొక్క ఉత్తరంగానే పైకి పంపాలి. పైవాడు మళ్లీ చదవాలి. ఈ లోటు తీర్చటానికి లారీ మెక్‌వాయ్ అనే వ్యాపారి 1998 తగవు నాడే ఒక సాధనం తయారుచేస్తానన్నాడు. అదే బిట్‌కీపర్. 2002 ఫిబ్రవరిలో టోర్వాల్డ్స్ దాన్ని వాడటం మొదలుపెట్టాడు. నిర్వాహకుడి దగ్గర పోగైన సవరణల మూటను ఆ మూట రూపంలోనే, చరిత్రతో సహా, ఒక్క ఆజ్ఞతో తనలో కలుపుకోవచ్చు. పని వేగం స్పష్టంగా పెరిగింది. ఇది ఒప్పుకోవాలి.

కాని బిట్‌కీపర్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. కంపెనీ దాన్ని కెర్నెల్ పనివాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చింది, ఒక షరతు మీద: దాన్ని ఉచితంగా వాడేవాడు దానికి పోటీ వచ్చే సాధనాన్ని తయారుచెయ్యకూడదు. రిచర్డ్ స్టాల్మన్ మొదలైనవారు అభ్యంతరం చెప్పారు. కొందరు నిర్వాహకులు దాన్ని ముట్టుకోలేదు కూడా. టోర్వాల్డ్స్ ఈ అభ్యంతరాలను సిద్ధాంతవాదుల చాదస్తంగా తీసిపారేశాడు. పని జరగటమే తనకు ముఖ్యమన్నాడు. మూడేళ్లు జరిగింది. 2005 ఏప్రిల్‌లో, ఆండ్రూ ట్రిడ్జెల్ బిట్‌కీపర్ యంత్రాలతో మాట్లాడగల ఒక స్వేచ్ఛా ప్రోగ్రాము వ్రాయబోయాడన్న కారణంతో, కంపెనీ ఉచిత ప్రతిని ఉపసంహరించుకుంది. ప్రపంచంలో అతి పెద్ద సామూహిక కృషిలో ఒకటి, పనిముట్టు పరాయివాడి చేతిలో ఉన్నందువల్ల, ఒక్క నిర్ణయంతో నిలిచిపోయే స్థితికి వచ్చింది. చాదస్తమెవరిదో ఆ నెలలో తేలింది.

తరువాత జరిగింది మన పాఠకులు జ్ఞాపకం ఉంచుకోదగ్గది. ఏప్రిల్ 3న టోర్వాల్డ్స్ సొంత సాధనం వ్రాయటం ప్రారంభించాడు. ఏప్రిల్ 7 నాటికి ఆ సాధనం తన చరిత్రను తానే భద్రపరచుకునే స్థితికి వచ్చింది. దాని పేరు గిట్. జూన్‌లో కెర్నెల్ కొత్త ప్రతి దాని మీదే వెలువడింది. జూలైలో టోర్వాల్డ్స్ గిట్ నిర్వహణను జూనియో హమానోకు అప్పగించాడు. గిట్ స్వరూపం చూడండి: ప్రతి పనివాడి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది, కేంద్రమంటూ తప్పనిసరిగా ఉండనక్కర్లేదు. ఇది ఎవరి మేధస్సులోనో గాలిలో పుట్టిన రూపం కాదు. ఏడేళ్లపాటు ఉత్తరాల కింద నలిగిన శ్రమవిభజనకు సరిగ్గా సరిపోయే రూపం. ఈనాడు కెర్నెల్‌తో ఏ సంబంధమూ లేని కోట్లాది ప్రోగ్రాములు గిట్ మీద నడుస్తున్నాయంటే, దాని మూలం 1998 నాటి ఆ జవాబు రాని ఉత్తరాల్లో ఉంది. బిట్‌కీపర్‌ను దాని యజమానులు 2016లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేశారు. అప్పటికి అడిగేవాళ్లు లేరు.

పనిముట్టు దొరికాక ఏర్పాట్లు వేగంగా వచ్చాయి. ప్రధాన లిస్టు నుంచి చీలిన విభాగాల లిస్టులు వందకు పైబడ్డాయి. ఏ భాగానికి ఎవరు బాధ్యులో, ఏ లిస్టుకు వ్రాయాలో తెలిపే పట్టిక ప్రోగ్రాముతోబాటే ఉంటుంది. 2009లో ఆ పట్టికను చదివి చిరునామాలు తనంతట తానే చెప్పే ఒక చిన్న ప్రోగ్రాము వచ్చింది. 2008లో, విభాగాల మూటలన్నిటినీ ముందుగానే కలిపి చూసే పనిని ఆస్ట్రేలియాలో స్టీఫెన్ రాత్‌వెల్ ప్రారంభించాడు. అదే సంవత్సరం కొత్తవాళ్లకోసం జొనాతన్ కార్బెట్ వ్రాసిన మార్గదర్శి ప్రధాన లిస్టుకు రోజుకు ఐదువందల ఉత్తరాల దాకా రావచ్చని హెచ్చరించింది. దానికిచ్చిన సలహా నాకు చాలా నచ్చింది: అన్నీ చదవాలని ప్రయత్నించవద్దు, ఎవరూ చదవటం లేదు. తన వ్యవస్థ గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన అధికార పత్రాన్ని నేను మరొకటి ఎరగను. 2018లో పాత ఉత్తరాలన్నీ లోర్ అనే బహిరంగ భాండారంలో చేరటంతో, చందాదారు కాకుండానే తనకు కావలసిన విషయం మాత్రం వెతికి చదువుకునే వీలు కలిగింది. అంతకుముందు ఈ భాండారాలు ప్రధానంగా బయటి వ్యక్తుల సొంత ఖర్చు మీద, సొంత ఓపిక మీద నిలిచాయి.

మరి భారం తగ్గిందా? తగ్గలేదు, కిందికి దిగింది. ఒక్కడి మీద ఉన్నది వందమంది మీద పడింది. ఆ వందమందిలో ఒక్కొక్కడూ తన విభాగంలో 1998 నాటి టోర్వాల్డ్స్ అయ్యాడు.

దీనికి ఆర్థిక కారణముంది. కెర్నెల్ పని చాలాకాలంగా సరదాకు చేసే పని కాదు. 2010లోనే లినక్స్ ఫౌండేషన్ నివేదిక ప్రకారం నూటికి డెబ్భైకి పైగా పని జీతగాళ్లు చేసిందే. 2001లో లినక్స్‌ను కాన్సరుతో పోల్చిన మైక్రోసాఫ్ట్ అధిపతి సంస్థే 2016లో ఆ ఫౌండేషన్‌లో సభ్యత్వం తీసుకుంది. కంపెనీలకు తమ యంత్రం నడిపే సవరణ కెర్నెల్‌లోకి వెళ్లాలి; అందుకు జీతమిస్తాయి. ఇతర కంపెనీల సవరణల్ని చదవటానికి జీతమివ్వటంలో వాటికి కనిపించే లాభం తక్కువ. పేరు మోసిన నివేదికల్లో కంపెనీల వరసక్రమం కూడా ఎన్ని సవరణలు పంపాయన్న లెక్క మీదే. చదివినవాడి పేరు సవరణ కింద ఒక పంక్తిలో నమోదు చేసే ఆచారం తరువాత వచ్చింది, మంచిదే. కాని ఆ పంక్తి ఎవరి జీతాన్ని ఎంత పెంచిందో చెప్పటం కష్టం. ఉమ్మడి చెరువులో నీళ్లు తోడుకునేవాళ్లు పెరిగారు, పూడిక తీసేవాళ్లు పెరగలేదు.

భారం ఇట్లా పోగైనచోట మాట మర్యాద చెడటం సహజమని కొందరంటారు. లిస్టులో టోర్వాల్డ్స్ వాడిన బూతులు ప్రసిద్ధమే. సారా షార్ప్ అనే ఇంజనీరు 2013లో లిస్టులోనే దాన్ని బహిరంగంగా ఎదిరించింది, 2015లో తప్పుకుంది. టోర్వాల్డ్స్ 2018 సెప్టెంబరులో క్షమాపణ చెప్పుకుని కొంతకాలం సెలవు తీసుకున్నాడు, కెర్నెల్‌కు ప్రవర్తనా నియమావళి వచ్చింది. అలసట కోపానికి కారణం కావచ్చు. కాని ఆ కోపం పడేది ఎప్పుడూ కిందివాడి మీదా కొత్తవాడి మీదా కావటాన్ని అలసట ఒక్కటే వివరించలేదు.

2021లో జరిగిన మరో సంగతి మన అధ్యాపకులు తప్పక తెలుసుకోవాలి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు, తెలిసి తెలిసి దోషం దాచిన సవరణల్ని మారుపేర్లతో 2020లో లిస్టులకు పంపారు. చదివేవాళ్లు పట్టుకుంటారా లేదా అన్నది వాళ్ల పరిశోధన. చదివేవాళ్ల అనుమతి అడగలేదు. సంగతి తెలిశాక, 2021 ఏప్రిల్‌లో అదే బృందం నుంచి మళ్లీ నాసి సవరణలు రావటం చూసి, గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే సవరణల్ని నిషేధించాడు. తరువాత నిర్వాహకులు ఆ విశ్వవిద్యాలయం నుంచి పూర్వం చేరిన 435 మార్పుల్ని ఒక్కొక్కటిగా మళ్లీ చదివారు. 349 సరిగానే ఉన్నాయని తేలింది. 39 దిద్దవలసినవిగా తేలాయి. మిగతావి అప్పటికే దిద్దినవో, కాలం చెల్లినవో, ఆ బృందానికి సంబంధం లేనివో. ఈ లెక్కను పత్రికలు నిషేధం గురించి వ్రాసినంతగా పట్టించుకోలేదు. పరిశోధన పత్రం వ్రాసినవాళ్లు చివరికి దాన్ని ఉపసంహరించుకున్నారు, కాని 435 మార్పులు తిరిగి చదివినవాళ్లకు పోయిన వారాలు తిరిగి రాలేదు. ఇది పాఠకుల శ్రమను గాలిలాగా, నీళ్లలాగా, ఉచితంగా దొరికే వస్తువుగా భావించటం. విశ్వవిద్యాలయాల్లో ఈ భావం మిన్నెసోటాకే పరిమితమని నేను అనుకోను.

ఆ పరిశోధకులు కనీసం తమ తప్పుడు సవరణల్ని కూర్చుని వ్రాశారు. ఇప్పుడా శ్రమ కూడా అక్కర్లేదు. కర్ల్ అనే ప్రసిద్ధ ప్రోగ్రాము నిర్వాహకుడు డేనియల్ స్టెన్‌బర్గ్, యంత్రం చేత వ్రాయించిన అబద్ధపు భద్రతా ఫిర్యాదులు తన బృందం గంటల్ని ఎట్లా తినేస్తున్నాయో 2024 జనవరిలో బహిరంగంగా వ్రాశాడు. అవి చూడటానికి సక్రమంగా, మర్యాదగా, సాంకేతికంగా ఉంటాయి. అబద్ధమని తేల్చటానికి నిపుణుడు పూర్తిగా చదవాలి. పూర్వం వ్రాయటానికి పట్టే శ్రమే లిస్టుకు ఒక రకం గేటు. ఆ గేటు పడిపోయింది. కెర్నెల్ లిస్టుల్లో కూడా యంత్రాలు వ్రాసే ఉత్తరాలున్నాయి. సవరణల్ని పరీక్షించి తప్పులు తెలిపేవి కొన్ని, కెర్నెల్‌ను రాత్రింబవళ్లు కుదిపి లోపాలు బయటపెట్టేవి కొన్ని. అవి నిజమైన మేలు చేస్తున్నాయి. కాని ఆ లోపాల్ని దిద్దవలసినది మళ్లీ మనిషే.

ఈ నేపథ్యంలో 2023లో కెర్నెల్‌లో ఒక చిన్న విభాగంలో జరిగిన పని నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. డిస్కు మీద దస్త్రాల్ని భద్రపరిచే ఎక్స్.ఎఫ్.ఎస్. అనే విభాగానికి ఏళ్ల తరబడి నిర్వాహకుడుగా ఉన్న వ్యక్తి, ఇక ఈ భారం మొయ్యలేనని ఆ పదవి నుంచి తప్పుకున్నాడు. పోతూ పోతూ ఊరికే పోలేదు. తానొక్కడూ నిర్వాహకుడనే ఒక్క మాట కింద ఏయే పనులు చేస్తూ వచ్చాడో విడదీసి, పత్రంగా వ్రాసి కెర్నెల్‌లోనే చేర్పించాడు. సవరణలు వ్రాసేవాడు వేరు, వాటిని చదివి విమర్శించేవాడు వేరు, పరీక్షలు చూసేవాడు వేరు, ఫిర్యాదులు విని ఏరేవాడు వేరు, ప్రతి విడుదల చేసేవాడు వేరు, మనుషుల మధ్య తగవులు తీర్చేవాడు వేరు, పాత ప్రతుల్ని కాపాడేవాడు వేరు. విడుదల పని మరొకరికి అప్పగించాడు. మిగతా పనులకు మనుషులు కావాలని అడిగాడు. ఆ పత్రంలో చదివి విమర్శించటం ఒక పనిగా, తన సొంత పేరుతో, సవరణలు వ్రాయటం పక్కనే కనిపిస్తుంది.